బంగారం ముట్టని మాస్టారు

చేతిలోని సుద్దముక్కను మాయం చెయ్యటం నాకు వచ్చు. బాపట్లలో ఇరవై రెండేళ్లుగా సైన్సు పాఠాలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో పిల్లలు నన్ను నోరు తెరుచుకుని చూసింది సుద్దముక్క మాయమైన ఆ కాసేపే. న్యూటన్ సూత్రాలకు ఆ భాగ్యం ఎప్పుడూ దక్కలేదు. మొన్న సోమవారం ఎనిమిదో తరగతిలో అది చేస్తే ముందు బెంచీ పిల్ల, "ఎవరు నేర్పించారు టీచర్?" అని అడిగింది.

"తెనాలిలో ఒక మాస్టారు" అన్నాను.

"ఆయన్ని మన స్కూలుకి పిలవండి టీచర్, ప్లీజ్."

బోర్డు వైపు తిరిగి, అవసరం లేకపోయినా తేదీ చెరిపి మళ్లీ రాశాను. ఆయన పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఆయన పేరు రాయను. ఆ పేరుకు నేను చేసిన మేలు అంతంతమాత్రం. మా స్కూల్లో అందరికీ ఆయన మేజిక్ మాస్టారు. అలాగని ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అసలు పని దర్జీ పని. తెనాలిలో ఒక ఇరుకు సందులో, వరండాలో కుట్టుమిషను వేసుకుని చొక్కాలు కుట్టేవారు. బాలల దినోత్సవం వచ్చిందంటే మిషనుకు గుడ్డ కప్పేసి, ఓ చిన్న నల్లపెట్టె పట్టుకుని బయల్దేరేవారు. ఇటు రేపల్లె, అటు పొన్నూరు, బాపట్ల, ఏ బడి పిలిచినా సరే, రైల్లోనో బస్సులోనో వచ్చి దిగేవారు. మా హెడ్మాస్టర్లు ముగ్గురు మారారు గాని మేజిక్ మాస్టారు మారలేదు.

సన్నగా, కాస్త వంగి నడిచే మనిషి. ఎప్పుడూ హాఫ్ హాండ్స్ చొక్కాయే. మేజిక్ చేసేవాళ్లంటే నల్లకోటు, టోపీ, మెడలో ఏదో మెరిసే గుడ్డ ఉండాలని నా లెక్క.

"దర్జీ అయ్యుండి ఒక్క కోటు కుట్టుకోలేకపోయారా మాస్టారూ?" అని ఎగతాళి చేశానొకసారి.

"కోటేసుకుంటే అందులో దాచాడంటారమ్మా. ఇట్టా మోచేతుల దాకా కనపడతా ఉంటే ఆ మాటనే దారి లేదుగా" అని రెండు చేతులూ బార్లా చాపి, ముందుకొకసారి వెనక్కొకసారి తిప్పి చూపించారు. అలా చేతులు తిప్పి చూపించటం ఆయనకు ఊపిరి తీసుకోవటం లాంటిది. టీ గ్లాసు అందుకునే ముందూ అంతే, బస్సు టిక్కెట్టు తీసుకునే ముందూ అంతే. కండక్టర్లు నవ్వేవాళ్లు.

ఆ చేతుల్ని ఆయన చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేవారు. రోజూ స్నానమయ్యాక గ్లిజరిన్ రాసుకునేవారు. అరచెయ్యి ఎండితే వస్తువు నిలవదట, జిడ్డైతే జారిపోతుందట. అందుకే ప్రోగ్రాం ఉన్న రోజు మధ్యాహ్నం అన్నం చెంచాతో తినేవారు. మా వంటమ్మ పప్పుచారు పోస్తూ, "దొరగారికి చెయ్యి అంటుకుంటదా ఏంటి?" అని ఆటపట్టించేది. ఆయన బుద్ధిగా తలొంచుకుని, చెంచాతోనే గోంగూర పచ్చడి కలుపుకునేవారు. అంతకంటే కష్టమైన మేజిక్ నేను చూడలేదు.

ఆయన చేసే పెద్ద పెద్ద వాటి మీద నాకు మోజు లేదు. పెట్టెలోంచి రంగు రుమాళ్లు రావటం, కాగితపు పువ్వులు విచ్చుకోవటం ఎవరైనా చేస్తారు. చిన్న వస్తువులు మాయం చెయ్యటంలో మాత్రం ఆయనకు సాటి లేదు. సుద్దముక్క, బొత్తాము, చింతగింజ, ఆడపిల్ల జడపిన్ను. చూస్తూ ఉండగానే ఉండేవి, చూస్తూ ఉండగానే పోయేవి. నేను సైన్సు టీచర్ని. పోయింది ఎక్కడికో పోయి తీరాలి గదా. ఓ ఏడాది పట్టుదలగా ముందు వరుసలో కాకుండా పక్కన, ఆయన భుజం వెనక నిలబడి చూశాను. పట్టేశాను.

స్టాఫ్ రూములో అందరూ వెళ్లాక, దొంగను పట్టుకున్న పోలీసులా అన్నాను: "మాస్టారూ, సుద్దముక్క మీ ఎడమచేతిలోకి వెళ్లనే లేదు. కుడిచేతిలోనే ఉంది."

కోపం రాలేదు, చిన్నబోనూ లేదు. లేచి తలుపు దగ్గరకు వేసి, నా చేతిలో ఓ సుద్దముక్క పెట్టారు.

"కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి పెట్టండి" అన్నారు.

"అలా పెట్టకుండా ఉండటమే కదండీ కిటుకు?"

"ముందు నిజంగా పెట్టండమ్మా. వందసార్లు పెట్టండి. నిజంగా పెట్టినప్పుడు చెయ్యి ఎట్టా కదులుద్దో తెలియకపోతే అబద్ధంగా ఎట్టా పెడతారు?"

పెట్టాను. వారం రోజులు ఇంట్లో, బస్సులో, పరీక్ష పేపర్లు దిద్దుతూ పెడుతూనే ఉన్నాను. ఆ తర్వాత ఫోనులో చెప్పారు మిగతాది. బొటనవేలి మొదట్లో కండ ఉంటుంది చూడండి, దానికీ అరచేతికీ మధ్య ముక్కను నొక్కి పట్టాలి. గట్టిగా పడితే చెయ్యి బిర్రబిగుసుకుపోయి దొరికిపోతాం. ఎడమచెయ్యి మాత్రం, లోపల నిజంగా ముక్క ఉన్నట్టే, దాని మందాన గుప్పిట మూసుకోవాలి.

"తర్వాత ఎడమచేతినే చూడండి. అందులో ఉందని మీరు నమ్మాలి. మీరు నమ్మకపోతే ఒకటో తరగతి పిల్ల కూడా నమ్మదు."

"మరి కుడిచెయ్యి?"

"దాన్ని మరిచిపోండి. కొంగు సర్దుకోండి, కళ్లజోడు పైకి తోసుకోండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. వస్తువున్న చెయ్యి పనీపాటా లేకుండా వేలాడతా ఉంటేనే అనుమానం. ఇంకో మాటమ్మా. 'ఇటు చూడండి' అంటే ఎవరూ చూడరు. మనం ఎటు చూస్తే అటు చూస్తారు, అంతే."

ఏళ్ల తరబడి "బోర్డు వైపు చూడండర్రా" అని గొంతు చించుకుంటున్నదాన్ని, ఆ మాటకు సిగ్గుపడ్డాను. అప్పట్నుంచి నేనే బోర్డు వైపు చూస్తూ పాఠం చెప్పటం మొదలుపెట్టాను. కాస్త గుణం కనపడింది.

ఆయనకు రెండు నియమాలు ఉండేవి. పిల్లల చెవిలోంచి వస్తువు తీసినట్టు చేసేవారు కాదు. పిల్లల ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదనేవారు. రెండోది, బంగారం ముట్టరు. టీచరమ్మలు ఎవరైనా ముచ్చటపడి ఉంగరం తీసి ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవారు.

"బొత్తాం పోతే నవ్వుతారండి. బంగారం పోతే ఎవరూ నవ్వరు. తిరిగొచ్చేదాకా గుండె పట్టుకుని కూచుంటారు. అట్టాంటి చోట మేజిక్ చెయ్యకూడదని మా గురువుగారు ఒట్టేయించుకున్నారు."

ఆ ఒట్టు తీసి గట్టున పెట్టించింది నేనే.

రెండేళ్ల కిందట, రేపల్లెలో మా అన్నయ్య కూతురి ప్రధానం జరిగింది. పొన్నూరు సంబంధం. వాళ్లు కాస్త పెద్దింటివాళ్లు, మా అన్నయ్యకు వాళ్లంటే భయం, భక్తీను. పాస్టరుగారి ప్రార్థన, ఉంగరాలు మార్చుకోవటం అన్నీ పదకొండుకల్లా అయిపోయాయి. పెళ్లికొడుకు తొడిగిన ఉంగరం పిల్ల వేలికి బాగా వదులైంది. దారం చుట్టిద్దామని తీసి పూలపళ్లెంలో పెట్టారు. భోజనాలకు ఇంకా టైముంది. ఈ మధ్యలో అందరికీ కాలక్షేపంగా ఉంటుందని మేజిక్ మాస్టార్ని పిలిపించింది నేను. మా స్కూలు గొప్ప మా చుట్టాలకు చూపించాలని కాస్త ఆరాటం, దాచుకోవటం ఎందుకు.

బొత్తాలు, చింతగింజలు, పెట్టెలోంచి రుమాళ్లు, అన్నీ చేశారు. పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దవాళ్లు సెల్లులు చూసుకుంటున్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. పళ్లెంలో ఉంగరం చూపించి, "దీంతో ఒక్కటి చెయ్యండి మాస్టారూ. అందరూ చూస్తారు" అన్నాను.

"వద్దమ్మా. మీకు తెలుసుగా."

"నా మాట కోసం. ఒక్కసారే."

నా ముఖం వంక చూశారు. వాళ్లందరి ముందు నేను చిన్నబోతానని అనుకున్నట్టున్నారు. ఉంగరం తీసుకున్నారు. నిజంగానే అందరూ సెల్లులు దించేశారు. ఆయన ఎడమ గుప్పిట తెరిస్తే ఉంగరం లేదు. పెళ్లికొడుకు తల్లి "హా" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఒక్క నిమిషం కూడా కాకుండానే పళ్లెంలో పూలు తప్పించి, కింద మెరుస్తున్న ఉంగరాన్ని చూపించారు. చప్పట్లు మోగిపోయాయి. ఉంగరం పూల మీదే పెట్టి ఆయన నా వైపు తిరిగి నుదురు తుడుచుకున్నారు. ఆయన చెమట తుడుచుకోవటం నేను చూడటం అదే మొదలు.

భోజనాలు అయ్యాక దారం చుట్టటానికని చూస్తే పళ్లెంలో ఉంగరం లేదు.

మొదట అందరూ నవ్వారు. పెళ్లికొడుకు బావగారు సోఫాలో వెనక్కి వాలి, "మాస్టారూ, బాగుంది. ఇక తెచ్చెయ్యండి" అన్నాడు. పిల్లలు చుట్టూ మూగారు. అందరూ అది రెండో ఆట అనుకున్నారు. ఒక్కరైనా లేచి మంచం కింద వెతకలేదు, పూలు దులపలేదు, ఎంగిలాకుల వైపు చూడలేదు. తెచ్చేవాడు ఎదురుగా ఉన్నాడు గదా అని ఎవరి చోట వాళ్లు కూర్చుని ఎదురుచూశారు.

"నేను తియ్యలేదండి. పళ్లెంలోనే పెట్టాను" అన్నారు మాస్టారు.

ఇంకా నవ్వారు. ఆయన చేతులు రెండూ చాపి తిప్పి చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎన్నేళ్లుగానో ఖాళీ కాని చేతుల్ని ఖాళీ అని నమ్మించిన మనిషి, ఆ రోజు నిజంగా ఖాళీ చేతులు చూపిస్తే నమ్మినవాడు లేడు.

నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు గుర్తు లేదు. పెళ్లికొడుకు తల్లి ముఖం మాడ్చుకుంది. మా అన్నయ్య చెమటలు కక్కుతున్నాడు. నేను ముందుకొచ్చి, "ఆయన పళ్లెంలో పెట్టటం నేను చూశాను" అన్నాను.

"పెట్టినట్టు కనపడటమే కదండీ ఆయన విద్య" అన్నాడు బావగారు.

ఇది రాయటం కష్టంగా ఉంది. ఆ మాట వినగానే నా చూపు ఆయన కుడిచేతి మీదికి పోయింది. బొటనవేలి మొదట్లో ఆ కండ వైపు. కిటుకు తెలిసినదాన్ని కాబట్టి మిగతా అందరికంటే సరిగ్గా అక్కడికే పోయింది. ఆయన నన్ను చూశారు. నేను ఎక్కడ చూస్తున్నానో చూశారు. కుడిచెయ్యి నెమ్మదిగా నా వైపు తెరిచి, వేళ్లు విడదీసి చూపించారు.

"నా చెయ్యి చూడొద్దండి" అన్నారు అందరితో. "దయచేసి ఇంకో పక్క చూడండి. ఎవరెవరు ఊళ్లకెళ్లారో గుర్తు చేసుకోండి. అందరూ నన్నే చూస్తుంటే ఉంగరం ఎట్టా దొరుకుద్దండి?"

ఎవరూ చూపు తిప్పలేదు. బావగారు పోలీసుల మాట ఎత్తాడు. శుభకార్యం జరిగిన ఇంట్లో పోలీసులేంటని అన్నయ్య బతిమాలి, మాస్టారి దగ్గరికొచ్చి, "పెద్దవారు, ఏమనుకోకండి. ఆ పెట్టె తెరిచి చూపించేస్తే వాళ్ల అనుమానం పోద్ది" అన్నాడు.

ఆ పెట్టెను ఆయన భార్య కూడా తెరవదు. నాకైతే సుద్దముక్క ఒక్కటే నేర్పారు గాని పెట్టె మూత ఎత్తి చూపించింది లేదు. ఆయన పెట్టెను హాలు మధ్యలో నేల మీద పెట్టి, పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కటే బయటికి తీశారు. తీసినదాన్ని ఊరికే చూపిస్తే చాలదు, బోలుగా ఉన్నదాంట్లో ఉంగరం ఉందంటారు. అందుకని ఒక్కొక్కటీ విప్పి చెప్పారు.

"ఇది ప్లాస్టిక్ బొటనవేలండి. లోపల బోలు. రుమాలు ఇందులో కూరి వేలికి తొడుక్కుంటాను. చూడండి, ఏమీ లేదు. ఈ సంచికి లోపల రెండు అరలు. ఇదిగో, తిరగేశాను. ఈ అగ్గిపెట్టెకి అడుగు రెండు. ఇది ఎలాస్టిక్కు తాడు. దీనికి కట్టిన వస్తువు వదిలెయ్యగానే చొక్కా కిందకి పోద్ది. ఇదిగోండి, తాడు ఖాళీ."

పిల్లలు చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నారు. గంట కిందట వాళ్లను అబ్బురపరిచినవన్నీ ఆయన చేతుల్లో అతుకులూ గుంటలూ బయటపెట్టుకుని వరసగా నేల మీద చేరాయి. పొన్నూరు నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల అడిగింది: "అయితే నువ్వు మేజిక్ చెయ్యలేదా తాతయ్యా?"

ఆయన తాడు చుట్టచుట్టి ప్లాస్టిక్ వేలి పక్కన పెట్టారు. పెళ్లికొడుకు బావగారు అదంతా సెల్లులో వీడియో తీశాడు.

పెట్టెలో ఉంగరం లేదు. అయినా అనుమానం పోలేదు, అతని దగ్గర ఇంకెన్ని కిటుకులున్నాయో అన్నారు. అన్నీ మళ్లీ సర్దుకుని, నాకు చెప్పకుండానే ఆయన స్టేషనుకు వెళ్లిపోయారు. నేను వెంట వెళ్లలేదు. పొన్నూరు వాళ్లకు కాఫీలు ఇస్తూ ఉండిపోయాను.

నాలుగోరోజు వేటపాలెం నుంచి మా మేనత్త కొడుకు ఫోను. ప్రధానానికి వచ్చి వెళ్లిన అత్త ఏడుస్తూ మాట్లాడింది. "అయ్యో తల్లీ, ఉంగరం నా కొంగునే ఉందే! పట్టుచీర మడతెయ్యబోతే ముడి తగిలింది."

అత్త ముప్పై ఏళ్లు జీడిపప్పు షెడ్డులో పనిచేసింది. జీడిరసం ఉంగరం కింద చేరితే వేలు పొక్కుతుంది. అందుకని అక్కడి ఆడవాళ్లు పనిలోకి దిగే ముందు ఉంగరం తీసి కొంగున ముడేసుకుంటారు. బంగారం బయట కనిపిస్తే చాలు, అత్త చెయ్యి దానంతటదే ముడి వేసేస్తుంది. భోజనాలప్పుడు పళ్లెం దగ్గర ఎవరూ లేకపోవటం చూసి, మా వదినకు ఇద్దామని తీసి ముడేసింది. ఇంతలో రైలు టైమైందని మేమే ఆమెను తొందరపెట్టి ఆటో ఎక్కించాం. ఆమె దగ్గర సెల్లు లేదు. ఆమెను అడగాలని మాకెవరికీ తోచలేదు. ఎవరెవరు ఊళ్లకెళ్లారో గుర్తు చేసుకోండని ఆయన చెప్పాక కూడా తోచలేదు.

అన్నయ్య పొన్నూరుకు ఫోను చేసి, "ఉంగరం దొరికిందండి" అని మాత్రం అన్నాడు. ఎలా దొరికిందో చెబితే మన ఆడవాళ్ల మతిమరుపు గురించి నవ్వుతారని, అత్తను నలుగురిలో పెట్టినట్టవుతుందని అతని బాధ. అవతలివాళ్లు దాన్ని వాళ్లకు అర్థమైనట్టు అర్థం చేసుకున్నారు. భయపడి తెచ్చిచ్చాడని ఆ వీడియో కింద రాసి పంపారు. అది పొన్నూరు నుంచి తెనాలికి, తెనాలి నుంచి మా స్కూలు గ్రూపుకు కూడా వచ్చింది. ఉంగరం దొరక్కపోయినా బాగుండేదేమో. దొరికాక ఆయన పక్కా దొంగ అయ్యారు.

ఆదివారం నాడు తెనాలి వెళ్లాను. వరండాలో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అత్త సంగతంతా చెప్పాను. ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన మాత్రం, "పోనీలెండి, పెద్దావిడ. ఆమెనేమీ అనకండి" అన్నారు. అరచేతులు చూసుకుంటూ, "ఒక్క సాయం చెయ్యండమ్మా. పెళ్లికి వాళ్లంతా వస్తారుగా. మైకులో ఒక్క ముక్క చెప్పండి, ఉంగరం ఈయన తియ్యలేదని. ఇంకేం వద్దు. ఆ పిల్లలు కూడా వస్తారు" అన్నారు.

"తప్పకుండా చెబుతాను మాస్టారూ. మీరు కూడా రండి. మీ ముందే చెబుతాను."

పెళ్లి బాపట్లలో, నెల తర్వాత. వందన సమర్పణ బాధ్యత నాదే. టీచర్ని గదా, మైకంటే భయం ఉండదని ఇలాంటివన్నీ నాకే అప్పగిస్తారు. ఆయన వచ్చారు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల హాఫ్ హాండ్స్ చొక్కా. చివరి వరుసలో కూర్చుని చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. నేను మైకు దగ్గరకు నడుస్తుంటే పెళ్లికూతురు నా చీర కొంగు పట్టుకుంది.

"అత్తా, ఇయ్యాళ వద్దు. వాళ్లు ఏమంటారో. తర్వాత చెబుదువుగాని. నీకు దణ్ణం పెడతాను."

పాస్టరుగారికి వందనాలు చెప్పాను. చర్చి పెద్దలకు, పొన్నూరు నుంచి వచ్చిన బంధువులకు, వంటవాళ్లకు, మైకు సెట్టు అతనికి కూడా వందనాలు చెప్పాను. చివరి వరుస వైపు ఒక్కసారి చూశాను. ఆయన కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు. "అందరూ భోజనం చేసి వెళ్లాలని మనవి" అని మైకు ఆపేశాను.

మర్నాడు చెబుదామనుకున్నాను. గ్రూపులో రాద్దామనుకున్నాను. రాసి చెరిపేశాను. ఆ నవంబరులో మా హెడ్మాస్టరుతో, "సార్, ఆయన మంచివాడు, అది అపార్థం" అన్నాను, ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి సిఫారసు చేస్తున్నట్టు. "సరేలేమ్మా, పేరెంట్స్ అందరూ ఆ వీడియో చూశారు. ఈ ఏడాదికి డాన్సు పోటీ పెడదాం" అన్నాడాయన. "అవునండి" అన్నాను.

తర్వాత ఒక్కసారే కనిపించారు, తెనాలి స్టేషన్లో. రేపల్లె పాసింజరు కోసం నిలబడి ఉన్నారు, చేతిలో పెట్టె లేదు. నన్ను చూశారు. నమస్కారం పెట్టాలా, తప్పుకోవాలా? నా అవస్థ ఆయనకు అర్థమైంది. నన్ను చూడనట్టే మెల్లగా తలతిప్పి, దూరంగా సిగ్నలు వైపు చూడటం మొదలుపెట్టారు. ఏదో ఉందేమోనని నేనూ అటు చూశాను. అక్కడేమీ లేదు. నేను మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పోయేదాకా ఆయన సిగ్నలు మీంచి చూపు తిప్పలేదు. నేను తప్పించుకోవటానికి వీలు కూడా ఆయనే కల్పించారు. ఆ రోజు రైల్లో తలుపు దగ్గర నిలబడి బాపట్ల దాకా ఏడ్చాను. ఏడ్చాను గాని దిగాక ఫోను చెయ్యలేదు.

పోయిన నెలలో గుండెపోటుతో పోయారని తెలిసింది. సమాధి కార్యక్రమానికి వెళ్లే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత ఇంటివాళ్లను ఓదార్చటానికి ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ కూడికకు వెళ్లాను. సందులో షామియానా, ముప్పై నలభై కుర్చీలు. దర్జీలు, చర్చివాళ్లు, ఇద్దరు ముగ్గురు రిటైరైన టీచర్లు. ఆయన భార్య కాళ్ల మీద పడి, చెప్పలేదమ్మా, మాట తప్పానమ్మా అని ఒప్పుకోవాలనే వెళ్లాను. దారి పొడుగునా ఆ మాటలే కూడబలుక్కున్నాను.

ఆమె నన్ను చూసి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పక్కనున్నావిడతో, "ఈవిడేనమ్మా, బాపట్ల టీచరు" అంది. నేను నోరు తెరవబోయేంతలో ఆమే మొదలుపెట్టింది.

"ఆయన పెళ్లి నుంచి వచ్చి ఎంత సంబరపడ్డారో మీకు తెలీదమ్మా. మైకులో అందరి ముందూ చెప్పారంట గదా మీరు. మా అత్త కొంగున దొరికింది, మాస్టారు ఏ పాపం ఎరగడు అన్నారంట. పొన్నూరాళ్లు లేచి చప్పట్లు కొట్టారంట. నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని మళ్లీ మళ్లీ చెప్పారమ్మా. ఆ నెల్లాళ్లూ నేను సందు దాటి బయటికి పోలా, ముఖం ఎట్టా చూపిచ్చేదని. ఆ మర్నాడే బజారుకెళ్లాను. మీరు చేసిన మేలు మర్చిపోలేనమ్మా."

పెళ్లిలో ఆ చివరి కుర్చీలోంచి లేచి, రైలెక్కి, ఈ సందులోకి నడిచి వచ్చేలోపల ఆయన ఇదంతా అల్లుకున్నారు. నేను అనని మాటలు నా గొంతుతో అన్నారు. ఆమె నమ్మాలంటే ముందు తను నమ్మాలి. నమ్మే ఉంటారు.

ఆమె చేతులు నా చేతుల్ని వదల్లేదు.

"చెప్పారు గదమ్మా?" అంది. అనుమానంతో కాదు, ఇంకోసారి వినాలని.

"అవునమ్మా. చెప్పాను" అన్నాను.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, ఆయన గురించి ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగారు. నేను లేచాను. మైకు లేదు. మా అన్నయ్య లేడు, పొన్నూరు వాళ్లు లేరు, పెట్టె చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్న పిల్లల్లో ఒక్కరూ లేరు. ఆ మాట ఎవరు వినాలో వాళ్లెవరూ అక్కడ లేరు.

"రెండేళ్ల కిందట మా ఇంట్లో ఒక ఉంగరం పోయింది" అన్నాను. "మాస్టారు తియ్యలేదు. మా మేనత్త కొంగున ఉంది. బంగారం ముట్టనన్న మనిషి చేత ముట్టించింది నేను. ఆయన చెయ్యి ఖాళీగా ఉందని నాకు తెలిసి కూడా..." అంతకంటే చెప్పలేక కూర్చున్నాను.

ఆయన భార్య కళ్లు తుడుచుకుంటూ, తెలిసిన సంగతే మళ్లీ విన్నట్టు తలూపింది. పక్కనున్నావిడ వైపు వంగి మెల్లగా అంది:

"పెళ్లిలో కూడా ఇట్టాగే చెప్పిందంట."